సీడీలో పట్టని పది నిమిషాలు

మొన్న ఇల్లు సర్దుతుంటే పాత సీడీల పౌచ్ ఒకటి బయటపడింది. ఒకదాని మీద మార్కర్‌తో "నాన్న - పద్యాలు - 2004" అని ఉంది, నా చేతిరాతే. మా నాన్న ఊళ్ళో నాటకాల్లో పద్యాలు పాడేవారు. ఎవరో ఒకసారి 90 నిమిషాల క్యాసెట్ నిండా రికార్డు చేసిపెట్టారు. నేను దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, సీడీ రాసిచ్చాను. సీడీలో 80 నిమిషాలే పట్టాయి. మిగతా పది నిమిషాలు ఇంకో డిస్కులో రాద్దాంలే అనుకున్నాను. ఆ సంగతి చివర్లో చెప్తాను.

అప్పట్లో నాకొచ్చిన డౌటే మీలో చాలామందికి వచ్చుంటుంది. డిస్కు మీద 700 ఎంబీ అని, పక్కనే 80 నిమిషాలని ఉండేది. ఎంపీ3 ఫైళ్ళయితే 150 దాకా పట్టే డిస్కు, మ్యూజిక్ సీడీగా రాస్తే పదహారు పాటలకే ఎందుకు నిండిపోతుంది?

ఎందుకంటే మ్యూజిక్ సీడీలో ఎంపీ3 ఉండదు. రాసేముందు సాఫ్ట్‌వేర్ దాన్ని విప్పేస్తుంది. సెకనుకి 44,100 శాంపిళ్ళు, ఒక్కోటి 16 బిట్లు, రెండు చానళ్ళు. అంటే సెకనుకి 1,76,400 బైట్లు. మీ ఫైలు సైజు ఎంతైనా అనవసరం, పాట నిడివే లెక్క. ట్రాక్ తర్వాత ట్రాక్ విడిగా రాసే పద్ధతిలో పాటకీ పాటకీ మధ్య రెండు సెకన్ల ఖాళీ కూడా అందులోంచే పోతుంది.

ఈ 44,100 అనే వింత అంకె ఎక్కడిదంటే, వీడియో టేపుల నుంచి. 1970ల్లో అంత డేటా పట్టే హార్డ్ డిస్కులు స్టూడియోలకి అందుబాటులో లేవు. అందుకని డిజిటల్ శబ్దాన్ని నలుపు తెలుపు బొమ్మలా మార్చి వీడియో టేపు మీద రాసేవారు, లైనుకి మూడు శాంపిళ్ళ చొప్పున. అమెరికా, జపాన్ పద్ధతిలో 245 లైన్లు × 60 × 3. యూరప్ పద్ధతిలో 294 × 50 × 3. రెండూ 44,100 దగ్గరే కలుస్తాయి!

ఇక నిడివి సంగతి. ఫిలిప్స్, సోనీ ఇంజనీర్లు 1979లో కలిసి కూర్చుని, 1980కల్లా రెడ్ బుక్ అనే ప్రమాణం తయారుచేశారు. ఫిలిప్స్ మొదట అనుకున్న వ్యాసం 11.5 సెంటీమీటర్లు, తన క్యాసెట్ కర్ణం అంత. చివరికి 12 అయింది. సోనీకి చెందిన నోరియో ఓగా, బీథోవెన్ తొమ్మిదో సింఫనీ ఒకే డిస్కులో పట్టాలని పట్టుబట్టారనీ, ఫుర్ట్‌వెంగ్లర్ 1951లో బైరాయిట్‌లో చేసిన కచేరీ 74 నిమిషాలు కాబట్టి ఆ అంకె వచ్చిందనీ ప్రసిద్ధమైన కథ.

అయితే ఆ పనిలో ఉన్న ఫిలిప్స్ ఇంజనీరు కేస్ ఇమింక్ ఈ కథని ఒప్పుకోరు. ఫిలిప్స్‌కి వాటా ఉన్న పాలీగ్రామ్ అప్పటికే హానోవర్‌లో 11.5 డిస్కులకి ఫ్యాక్టరీ సిద్ధం చేసుకుంది, సోనీకి ఫ్యాక్టరీయే లేదు, సైజు మారిస్తే ఇద్దరూ సమానమైపోతారు, అసలు కారణం అదీ అంటారాయన. పైగా తొలినాళ్ళలో మాస్టర్ టేపు 72 నిమిషాలకి మించి పట్టేది కాదట. 

74 అనేది మాత్రం మనమే లెక్కేసుకోవచ్చు. పాట ఉండే భాగం కేంద్రం నుంచి 25 మిల్లీమీటర్ల దగ్గర మొదలై 58 దగ్గర ముగుస్తుంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య 1.6 మైక్రాన్లు. విప్పితే సుమారు 5.38 కిలోమీటర్ల దారి. సెకనుకి 1.2 మీటర్ల వేగంతో వెళ్తే 74 నిమిషాల పైచిలుకు. చుట్లని ఇంకాస్త దగ్గరగా జరిపితే 80.

మరి 700 ఎంబీ? సెకనుకి 75 సెక్టర్లు, సెక్టరుకి 2352 బైట్లు. పాటలైతే అన్నీ వాడుకుంటాయి, 80 నిమిషాలకి సుమారు 807 ఎంబీ. డేటాకైతే 2048 బైట్లే మిగులుతాయి, మొత్తం 703 ఎంబీ. మధ్యలో పోయిన వంద ఎంబీలో ఎక్కువభాగం తప్పులు దిద్దుకోవడానికి అదనంగా కట్టే ప్రీమియం. గీత పడితే, దిద్దలేని శాంపిల్‌ని ప్లేయర్ అటూ ఇటూ చూసి ఊహించేస్తుంది, చెవి పట్టుకోలేదు. బ్యాంకు బ్యాలెన్సుని అలా ఊహిస్తే ఊరుకుంటామా?

ఇప్పుడు నా సీడీ సంగతి. రెండో డిస్కు ఎప్పుడూ రాయలేదు. క్యాసెట్‌కి బూజు పట్టి పాడైంది. నాన్న లేరు. మొన్న వింటే అక్కడక్కడా టిక్కుమంటూనే పాడింది గానీ, సరిగ్గా 80వ నిమిషంలో, రాగం మధ్యలో ఆగిపోయింది. సింఫనీ తెగకూడదని డిస్కునే పెంచారన్న కథ అబద్ధమైనా, దాన్ని జనం ఎందుకు నమ్మారో అప్పుడర్థమైంది. డిస్కు ఎంత పట్టాలో ఎక్కడో ఇంజనీర్లు తేల్చారు. ఏది వదిలెయ్యాలో తేల్చింది మాత్రం నేనే, పదిహేను రూపాయల ఖాళీ డిస్కు దగ్గర బద్ధకించి.

రాసిన సీడీల్లో రంగుపూత ఏళ్ళు గడిచేకొద్దీ చెడిపోతుంది. మీ పౌచ్‌లోనూ ఇలాంటివుంటే, యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి సంపాదించి ఈ ఆదివారమే కాపీ చేసుకోండి. పూర్తిగా, చివరి పది నిమిషాలతో సహా.