వైరస్ పట్టు ఎంత? కృత్రిమ కణాలు చెప్పే లెక్క

ఏ వైరస్ అయినా వ్యాధి కలిగించాలంటే ముందుగా మన కణానికి అతుక్కోవాలి. ఇందుకోసం అది కణం పైపొర మీద ఉండే కొన్ని అణువులను పట్టుకుంటుంది. వీటినే గ్రాహకాలు అంటారు. కోవిడ్ వైరస్ స్పైక్ ప్రోటీన్‌తో ఏసీఈ2 అనే గ్రాహకాన్ని పట్టుకుంటుంది. ఫ్లూ వైరస్ హీమగ్లుటినిన్ అనే ప్రోటీన్‌తో సయాలిక్ ఆమ్లమనే చక్కెర అణువును పట్టుకుంటుంది.

బతికున్న కణంలో ఈ తొలి దశను కొలవడం కష్టం. పైపొరలో ఎన్నో రకాల ప్రోటీన్లు, చక్కెరలు కలగలిసి ఉంటాయి. అంటుకున్న వైరస్‌ను కణం లోపలికి లాక్కుంటుంది కూడా. దాంతో ఏ గ్రాహకం వల్ల ఎంత పట్టు దొరికిందో విడదీసి చెప్పడం సాధ్యం కాదు.

అందుకే శాస్త్రవేత్తలు కణాన్ని పోలిన కృత్రిమ రేణువులను వాడుతున్నారు. ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థాలను నీటిలో కలిపితే అవే రెండు వరుసల పొరగా ఏర్పడి బుడగల్లా మారతాయి. వీటిని లైపోజోమ్‌లు అంటారు. బ్రిటన్ శాస్త్రవేత్త అలెక్ బాంగమ్ 1960లలో వీటిని వివరించారు. సూక్ష్మమైన సిలికా పూసలకు ఇదే పొరను తొడిగే పద్ధతీ ఉంది. ఆ పొర మీద కావలసిన గ్రాహకాన్ని, కావలసినంత మోతాదులో అమర్చవచ్చు. మెరిసే రంగు పూసిన వైరస్‌లను వదిలి, ఎన్ని అంటుకున్నాయో, ఎంతసేపు నిలిచాయో సూక్ష్మదర్శినితో లెక్కిస్తారు.

ఇలాంటి ప్రయోగాలు ఒక ముఖ్యమైన సంగతిని స్పష్టం చేశాయి. హీమగ్లుటినిన్, సయాలిక్ ఆమ్లాల మధ్య ఒక్కో బంధం చాలా బలహీనం. కానీ వైరస్ మీద ఆ ప్రోటీన్లు వందల్లో ఉంటాయి. గడ్డిపోచలన్నీ కలిస్తే ఏనుగునైనా కట్టేసినట్టు, బంధాలు పెరిగేకొద్దీ పట్టు బిగుస్తుంది. గ్రాహకాల సాంద్రత ఒక హద్దు దాటగానే అతుక్కునే వైరస్‌ల సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది.

దీని అవసరం బర్డ్ ఫ్లూ విషయంలో బాగా తెలుస్తుంది. మన దేశంలో హెచ్5ఎన్1 తొలిసారి 2006లో మహారాష్ట్రలోని నవాపూర్ కోళ్లలో బయటపడింది. పక్షుల్లోని సయాలిక్ ఆమ్లం అమరిక ఒక తీరు, మనిషి ముక్కు, గొంతుల్లో ఎక్కువగా ఉండేది మరో తీరు. అమెరికాలో ఆవులకు సోకిన హెచ్5ఎన్1 రకం హీమగ్లుటినిన్‌లో ఒకే ఒక్క మార్పు జరిగినా అది మనిషి గ్రాహకాల వైపు మొగ్గుతుందని 2024 డిసెంబరులో స్క్రిప్స్ పరిశోధకులు వెల్లడించారు. వారు వాడింది సజీవ వైరస్‌ను కాదు, విడిగా తయారుచేసిన ప్రోటీన్లను. కృత్రిమ కణాల వెనుక ఉన్న సూత్రమూ ఇదే: ప్రమాదాన్ని పక్కనపెట్టి పట్టును మాత్రమే పరీక్షించడం.

అయితే ఈ రేణువులకు జీవం లేదు. వైరస్‌ను లోపలికి లాక్కునే యంత్రాంగం గానీ, రోగనిరోధక స్పందన గానీ వాటిలో ఉండవు. అతుక్కున్నంత మాత్రాన సోకినట్టు కాదు. కాబట్టి ఇక్కడ తేలిన ఫలితాలను సజీవ కణాల్లో మళ్లీ సరిచూడాల్సిందే.