గిన్నెలోంచి వచ్చిన పాత్ర
‘ప్రమాదంలో గుంతల పాత్ర’ అని పేపర్లో చదివితే నాకు గిన్నెలే గుర్తొస్తాయి. సంస్కృతంలో ‘పా’ అంటే తాగడం. పాత్ర మొదట తాగే గిన్నె. తర్వాత అర్హత గలవాడు. పాత్రుడు, అపాత్రదానం ఆ వరసవే. సంస్కృత రంగస్థలం మీద వేషం కట్టిన నటుడు. ఇప్పుడు నాటకంలోని మనిషి. గిన్నె అన్నాక అందులో పోసేది వేరే ఉండాలిగా? అదే కథ. అరిస్టాటిల్ లెక్కలో విషాదనాటకానికి కథాసంవిధానమే ప్రాణం, పాత్రల స్వభావం రెండోది. నాట్యశాస్త్రమేమో ఇతివృత్తాన్ని శరీరమంది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు విషాదాంతంగా మలిచిన సారంగధరుడి కథే చూడండి. అతని పావురం వెళ్లి సవతితల్లి చిత్రాంగి మేడమీద వాలడం కథ. దానికోసం వచ్చిన సవతికొడుకుపై ఆమె మనసుపడటం, కాదన్నాడని రాజుకు చాడీ చెప్పడం పాత్ర. పావురం ఏ మేడమీదైనా వాలొచ్చు. నా ఓటు చిత్రాంగికే, అరిస్టాటిల్ ఏమనుకున్నా సరే.