దొరగారి ఫర్లో

కోస్తా జిల్లాల పాత క్రైస్తవ కుటుంబాల్లో ‘ఫర్లో’ పరాయి మాటలా ఎన్నడూ వినిపించలేదు. ‘దొరగారు ఫర్లో వెళ్ళిన ఏడు పుట్టాడు’, ‘దొరసానమ్మ ఫర్లో నుంచి వచ్చాక బడికి పెంకులు వేయించారు’ అంటూ పెద్దలు కాలాన్ని లెక్కపెట్టుకునేవారు, గాలివానలనూ కరువులనూ గుర్తుపెట్టుకున్నట్టే. ఏడెనిమిదేళ్ళ సేవ తర్వాత మిషనరీ కుటుంబానికి దక్కే స్వదేశపు సెలవు అది. సెలవు అనడమే గాని, అందులో విశ్రాంతి పాలు తక్కువ. తమను పంపి పోషిస్తున్న సంఘాల మధ్య ఊరూరా తిరిగి, జరిగిన పని చెప్పుకొని, జరగవలసిన పనికి మనుషులనూ సొమ్మునూ అడిగే ఏడాది. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, కాకినాడల కథలో పెద్ద మలుపులు కొన్ని ఆ ఊళ్ళలో జరగలేదు. ఈ ఫర్లో ఏళ్ళలో, సముద్రం అవతల, ఏదో ఊరి గుడిలో జరిగాయి.

మొదట్లో అసలు ఫర్లో అన్నదే లేదు. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలో ఓడెక్కినవాళ్ళు తిరిగి వద్దామనుకొని ఎక్కలేదు. ఆఫ్రికా దక్షిణపు కొస చుట్టి రావడానికి నెలల తరబడి పట్టే ప్రయాణం అది. 1812లో అమెరికా విడిచి బర్మాలో స్థిరపడిన అడోనిరామ్ జడ్సన్ మళ్ళీ పుట్టినగడ్డ చూసింది 1845లో, ముప్పై మూడేళ్ళకు. అదైనా భార్య సారా ప్రాణం నిలుపుకుందామన్న ఆశతో. ఆమె దారిలోనే, సెయింట్ హెలీనా రేవులో కన్నుమూశారు. పెద్దపిల్లలు ముగ్గురు ఆయన వెంట ఉన్నారు. చిన్నవాళ్ళు ముగ్గురు బర్మాలో ఉండిపోయారు. ఆయన తిరిగి వెళ్ళేసరికి వాళ్ళలో ఒకడు లేడు. అమెరికా సభల్లో గొంతు పెగలక ఆయన మెల్లగా చెబుతుంటే, పక్కన నిలబడ్డవారు ఆ మాటలు జనానికి గట్టిగా అందించేవారు. ఫర్లో చరిత్ర అలా, వినీవినపడని గొంతుతో మొదలైంది.

మన నేల మీద అమెరికన్ బాప్టిస్టుల పని 1836లో వచ్చిన శామ్యూల్ డేతో ఆరంభమై, 1840లో నెల్లూరులో కుదురుకుంది. ఆరోగ్యం చెడి ఆయన స్వదేశం పోతే, ఈ మిషన్ ఉంచాలా ఎత్తివేయాలా అన్న చర్చ అక్కడ లేచింది. 1848లో లైమన్ జూయెట్‌ను వెంటబెట్టుకొని ఆయన మళ్ళీ ఓడెక్కడంతో ఆ గండం గడిచింది. 1853లో ఆల్బనీ సభలో అదే ప్రశ్న తిరిగి వచ్చింది. మిషన్ల పటంలో నెల్లూరు ఒంటి నక్షత్రంలా ఉందన్న మాట పట్టుకొని శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ రాత్రికి రాత్రే ఒక పద్యం రాశాడు. మర్నాడు అది చదివితే సభ మనసు మారింది. తెలుగు మిషన్‌కు ‘లోన్ స్టార్’ పేరు స్థిరపడింది అక్కడే.

అయినా అసలు పరీక్ష 1862లో వచ్చిందని నా అభిప్రాయం. పదమూడేళ్ళ సేవలో ఒళ్ళు గుల్లై జూయెట్ స్వదేశం చేరేనాటికి అక్కడ అంతర్యుద్ధం నడుస్తోంది. చేతిలో సొమ్ము లేదు, నెల్లూరులో చూపించుకోదగ్గ ఫలం లేదు. మిషన్ మూసేద్దామన్న ఆలోచన మూడోసారి వచ్చింది. ఎవరు సాయపడినా పడకపోయినా తాను ఒంటరిగానైనా వెళ్ళి అక్కడే బతికి అక్కడే చస్తానని ఆ రోగిష్టి మనిషి పట్టుపట్టాడు. మిషన్ బోర్డు తల వంచింది. 1864 చివర జూయెట్ తిరుగు ప్రయాణం కట్టినప్పుడు ఆ ఓడలోనే జాన్ ఎవరెట్ క్లౌ కుటుంబం కూడా ఉంది. అంతకుముందు సర్వేయరు ఉద్యోగం చేసిన యువకుడు. 1866లో ఒంగోలు చేరిన ఆ క్లౌ దొరే, తర్వాత ధాతు కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలీ చూపించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ నది ఒడ్డున నిలబడి వెనక్కి చూస్తే, పదహారేళ్ళ కిందట అమెరికాలో ఒక సభాగదిలో మొండికేసిన ఆ బక్కమనిషి కనిపిస్తాడు.

క్లౌ ఫర్లో కూడా అలాంటిదే. 1872లో వెళ్ళి, 1874లో తిరిగి వచ్చేలోగా సంఘాల మధ్య తిరిగి రామాయపట్నం వేదాంత పాఠశాలకు 50,000 డాలర్లు కూడబెట్టాడు. ఆయన లేనప్పుడు ఒంగోలు చూసుకున్నది కెనడావాడైన జాన్ మెక్లారిన్. క్లౌ తిరిగి రాగానే చేతులు ఖాళీ అయిన మెక్లారిన్, అక్కడి తెలుగు బోధకుడు థామస్ గాబ్రియేల్ పిలుపు అందుకొని 1874 మార్చిలో కాకినాడ వెళ్ళాడు. కెనడియన్ బాప్టిస్టుల సొంత మిషన్ అలా మొదలైంది.

లూథరన్ల చరిత్రలో దీనికి జోడు హెయర్ అయ్యగారు. 1842లో గుంటూరు చేరిన ఆయన మొదటిసారి స్వదేశం వెళ్ళినప్పుడు, యాభై దాటిన వయసులో, బాల్టిమోర్‌లో వైద్యం చదివి 1847లో పట్టా తీసుకున్నారు. 1869లో రాజమండ్రిలోని లూథరన్ పనిని చర్చ్ మిషనరీ సొసైటీకి అప్పగించబోతుంటే, డెబ్బై ఆరేళ్ళ వయసులో మూడోసారి ఓడెక్కి వచ్చి దాన్ని నిలబెట్టారు.

సరిగ్గా ఆ 1869లోనే సూయజ్ కాలువ తెరుచుకుంది. నెలల ప్రయాణం వారాలకు దిగింది. ఫర్లో ఒక క్రమంలో పడింది. మరో మార్పు ఇంతకన్నా లోతైనది. 1870ల నుంచి అక్కడి స్త్రీలు తమ సొంత మిషన్ సమాజాలు కట్టుకున్నారు. వంటింటి అలమరలో చిన్న డబ్బీ పెట్టి పైసా పైసా వేసేవారు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరవగలిగిందంటే, ఆ గోడల్లో ఆ డబ్బీల సొమ్ము ఉంది.

ఆ సభలు ఎలా జరిగేవో ఊహించడానికి మా ఇంట్లో ఒక ఆనవాలు ఉంది. మా తాతమ్మ బైబిల్ ఉమన్, ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే మనిషి. దొరగారు ఫర్లో వెళ్ళేముందు కాంపౌండులో వేపచెట్టు కింద ఆరుగురు స్త్రీలను వరసగా నిలబెట్టి ఫొటో తీయించారు. తెల్లచీరలు, చంకలో సంచి, చెప్పుల్లేని కాళ్ళు. వెనక పెన్సిలుతో ఒక అంకె వేసి ఉంది. లాంతరు బొమ్మల్లో దాని వరస సంఖ్య అయి ఉండాలి. చీకటి చేసిన గుడిలో, గుడ్డ మీద ఆ ఆరుగురు మనిషెత్తున వెలిగి ఉంటారు. దొరసానమ్మ ఒక్కొక్కరి పేరూ చెప్పి ఉంటుంది. ఆమె కూతురు పరికిణీ కట్టుకొని ఒక తెలుగు కీర్తన పాడి, ఇత్తడి చెంబు, తాటాకు పుస్తకం అందరికీ చూపించి ఉంటుంది. మా తాతమ్మ జిల్లా దాటి ఎరగదు. ఆమె ముఖం మాత్రం మంచు కురిసే ఊళ్ళన్నీ తిరిగి వచ్చింది.

ఆ మిషనరీ పిల్లల మాట చెప్పకుండా ముందుకు పోలేను. వారానికొక ఊరు, రోజుకొకరి ఇంట్లో పడక, తెలియని ఇంగ్లీషు ఆటలు. తెలుగులో కలలు కన్న పిల్లలకు అమెరికాయే పరదేశం. ఫర్లో ముగిశాక పెద్దపిల్లలను చదువుకని న్యూటన్ సెంటర్ వంటిచోట మిషనరీ పిల్లల గృహాల్లో విడిచి, తల్లిదండ్రులు తిరుగు ఓడ ఎక్కేవారు. మళ్ళీ చూపు మరో ఏడెనిమిదేళ్ళకు. 1901లో కొడైకెనాల్ బడి వచ్చాక ఈ కోత కొంత తగ్గింది. మన ఊళ్ళ బడులకూ ఆసుపత్రులకూ పడిన ఖరీదులో ఆ పిల్లల ఒంటరితనాన్ని కూడా లెక్క వేయాలి.

ఇరవయ్యో శతాబ్దంలో విమానం వచ్చింది, స్వాతంత్ర్యం వచ్చింది, వీసాలు బిగిశాయి, సంఘాలు తెలుగువారి చేతికి వచ్చాయి. కాని ‘పోషించే సంఘం’ అన్న మాట అంతకు ఎంతో ముందే మనవైపు తిరిగింది. 1903లో నటాల్ తోటల్లోని తెలుగు కూలీలు బోధకుడు కావాలని కబురు పెడితే, నెల్లూరు కేంద్రంగా ఉన్న తెలుగు బాప్టిస్టు హోం మిషన్ సమాజం జాన్ రంగయ్యను కుటుంబంతో సహా దర్బన్‌కు పంపింది. అదే ఏడు తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు స్థాపించిన మిషనరీ సమాజం తెలుగు నేలను ఎంచుకుంది. దాని వెంట వచ్చిన అజరయ్య 1912లో దోర్నకల్ బిషప్పు అయ్యారు. ఇక్కడ వంటకు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చే ఆడవాళ్ళు ఉండేవారు. రంగయ్య ఓడెక్కిననాడు ఆ పిడికెడు పెట్టే చేతులు తెలుగు చేతులు. సముద్రం ఇవతల నిలబడి ఉత్తరం కోసం ఎదురుచూసింది ఈసారి నెల్లూరు.