థర్డ్ ఫారం నుంచి ఇంటర్ దాకా

మా తాతగారిది థర్డ్ ఫారం చదువు. ఇప్పటి లెక్కలో ఎనిమిదో తరగతి. ఫస్టు ఫారం అంటే ఆరు, సిక్స్తు ఫారం అంటే పదకొండు. హైస్కూల్లో మాస్టారుగా పనిచేసిన రోజుల్లో పాత రిజిస్టర్లు తిరగేస్తుంటే ఈ మెట్లన్నీ కళ్లకు కట్టేవి.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక, మెట్రిక్యులేషన్ పరీక్ష దాని చేతిలోనే ఉండేది. కాలేజీలో అడుగుపెట్టేందుకు అదే గడప. 1911 నాటికి ఎస్సెల్సీ (సెకండరీ స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్) వచ్చింది. దాని ఆలోచన నాకు ఇప్పటికీ నచ్చుతుంది. ఒక్క పరీక్షతో తేల్చేయకుండా, బడిలో తెచ్చుకున్న మార్కులు కూడా ఒక పుస్తకంలో ఎక్కించేవారు. పుట్టిన తేదీకీ అదే ఆధారం. నేటికీ సర్కారు ఉద్యోగంలో పదో తరగతి సర్టిఫికెట్‌లోని తేదీయే చెల్లుతుంది. అందుకే బడిలో చేర్చేటప్పుడే తేదీ సరిగా రాయించమని తల్లిదండ్రులను బతిమాలేవాణ్ణి.

నిజాం పాలనలోని తెలంగాణ దారి వేరు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో బోధించింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు పైచదువుకు ఆ భాషను పట్టుకోవలసి వచ్చింది. అది చిన్న కష్టం కాదు.

ఆంధ్రప్రదేశ్ వచ్చాక ఏడాది పాటు సాగే పీయూసీ (ప్రీ-యూనివర్సిటీ కోర్సు) కొంతకాలం నడిచింది. 1969-70లో దాని స్థానంలో రెండేళ్ల ఇంటర్ మొదలైంది. 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడింది.

ఇంటర్ లేకపోతే చదువే లేదనుకునే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే: పది తర్వాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్ చదివిన పిల్లలు ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు.