కఫింగ్ సీజన్‌కి మొవ్వలో మాట ఉందా?

చలికాలం వచ్చిందంటే మీ రీల్స్‌లో ఓ మాట తెగ తిరుగుతుంది. కఫింగ్ సీజన్. కఫ్ అంటే బేడీ. అక్టోబరులో ఇద్దరూ బేడీ వేసుకుని, ఫిబ్రవరిలో వాలెంటైన్స్ డే దాటాక విప్పేసుకోవడం అన్నమాట. 2010 దాటాక అమెరికా కాలేజీ కుర్రకారు నోట బాగా నలిగింది. అక్కడ మంచు కురిస్తే బయటికి వెళ్లలేరు, తోడు కావాలి. మన బందరులో డిసెంబరుకి ఒక దుప్పటి చాలు. పైగా ధనుర్మాసం, పెళ్లి ముహూర్తాలే ఉండవు!

మరి కొన్నాళ్ల బంధానికి మన దగ్గర మాటల్లేవా? ఉన్నాయి. గుడివాడ నుంచి పామర్రు మీదుగా దివిసీమ వైపు వెళ్తుంటే కూచిపూడి తగులుతుంది. ఆ దగ్గర్లోనే మొవ్వ. 17వ శతాబ్దపు పదకర్త క్షేత్రయ్యది ఆ ఊరేనని చెబుతారు. ఆయన పదాల్లో వినిపించే మువ్వగోపాలుడు ఆ ఊరి దేవుడే.

ఆ పదాల్లో ఎక్కువగా మాట్లాడేది ఆడమనిషి. భరతుడి నాట్యశాస్త్రం నాయికల్ని ఎనిమిది రకాలుగా చెప్పింది. వస్తానని చెప్పి వాడు రాకపోతే ఆమె విప్రలబ్ధ. వేరే ఆమె దగ్గర రాత్రి గడిపి పొద్దున్నే వస్తే ఖండిత. తనే పోట్లాడి పంపేసి తర్వాత కుమిలిపోతే కలహాంతరిత. ఊరెళ్లినవాడి కోసం ఎదురుచూస్తే ప్రోషితభర్తృక. ఒక తేడా గమనించండి. మీరనే ఘోస్టింగ్ వాడు చేసిన పనికి పేరు. విప్రలబ్ధ ఆమె పడ్డ బాధకు పేరు.

ఇంకో సంగతి. క్షేత్రయ్య పదాలు చాలావాటిలో నాయిక వేశ్య. దేవుణ్ణి కూడా డబ్బు అడుగుతుంది! ఈ పదాల్ని తరతరాలుగా పాడి, ఆడి నిలబెట్టింది కళావంతుల ఆడవాళ్లు. మనకు ట్రెండ్‌గా కనిపించే పెళ్లిలేని బంధం వాళ్లకు బతుకుతెరువు. కందుకూరి వీరేశలింగం ఆ పద్ధతి మీద పోరాడారు. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆడపిల్లల్ని గుడికి అంకితం చేయడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. కృష్ణా జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. అది ఆగాల్సిందే. కానీ పదాలు సంగీత సభలకెక్కి మర్యాద సంపాదించుకున్నాయి, వాటిని కాపాడిన వాళ్ల కులం పేరు మాత్రం తిట్టుగా మిగిలింది.

కొత్త మాటలు వాడుకోండి, తప్పేం లేదు. కాకపోతే ఫిబ్రవరిలో చెప్పాపెట్టకుండా బ్లాక్ కొట్టే ముందు ఒక్కసారి ఆలోచించండి. మీకు అది సీజన్ అయిపోవడం. అవతల ఫోన్ చూసుకుంటూ కూర్చున్న మనిషికి మొవ్వ భాషలో ఎప్పుడో పేరు పెట్టేశారు.