కడప - హైదరాబాద్ విమానం: దూరం ఎంత? ప్రయాణానికి ఎంత టైమ్ పడుతుంది?

కడప విమానాశ్రయం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి గాలిలో నేరుగా కొలిస్తే సుమారు 300 కిలోమీటర్లు. రోడ్డు మీద నంద్యాల, కర్నూలు మీదుగా వెళ్తే 400 కిలోమీటర్లు దాటుతుంది. కారులో దాదాపు 7 గంటలు. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రంతా ప్రయాణమే.

కడప విమానాశ్రయం 2015లో మొదలైంది. ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్‌లో హైదరాబాద్ సర్వీసు ప్రారంభమైంది. ఈ మార్గంలో ఎక్కువగా తిరిగేది ఏటీఆర్-72 అనే చిన్న విమానం. రెక్కలకు పంకాలు ఉంటాయి, సీట్లు 70కి పైగా. దీని వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు.

ఆ లెక్కన 40 నిమిషాల్లో చేరాలి కదా అనిపిస్తుంది. కానీ రన్‌వే దాకా వెళ్లడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం, శంషాబాద్‌లో వరుస కోసం ఆగడం అన్నీ కలిపి టికెట్ మీద గంటకు కాస్త అటూ ఇటూగా వేస్తారు.

ఇంటి నుంచి లెక్క వేస్తే

చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. కాబట్టి గంటన్నర, రెండు గంటల ముందే అక్కడుండాలి. శంషాబాద్‌లో దిగి లగేజీ తీసుకోవడానికి అరగంట, పాతబస్తీ చేరడానికి ఇంకో గంట. మొత్తం నాలుగున్నర గంటల దాకా అవుతుంది. రాయచోటి వైపు నుంచి వచ్చేవాళ్లు మరో గంటన్నర కలుపుకోవాలి.

గల్ఫ్‌కి, ఉమ్రాకి వెళ్లేవాళ్లు జాగ్రత్త

కడప టికెట్, విదేశీ టికెట్ రెండూ ఒకే బుకింగ్‌లో ఉన్నాయా లేదా ముందు చూసుకోండి. విడివిడిగా కొంటే మొదటి విమానం లేటై రెండోది తప్పిపోయినా రెండో కంపెనీ సాధారణంగా బాధ్యత తీసుకోదు, ఆ టికెట్ డబ్బు పోయినట్టే. పైగా శంషాబాద్‌లో లగేజీ తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయించాలి. రెండు టెర్మినళ్లూ ఒకే భవనంలో ఉన్నా, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ వరుసలకు టైమ్ పడుతుంది. మధ్యలో కనీసం 5 గంటల గ్యాప్ పెట్టుకోండి.

ఇంకో సంగతి బరువు. దేశంలోపల టికెట్‌కి సాధారణంగా 15 కేజీలే ఇస్తారు. గల్ఫ్ టికెట్‌కి 30 కేజీలు ఉన్నాయి కదా అని అంతా సర్దుకుని వస్తే, కడపలోనే ఎక్కువ బరువుకి డబ్బు కట్టాలి.

ఎవరికి ఏది మంచిది?

పెద్దవాళ్లు, పేషెంట్లు, చేతిలో చిన్న బ్యాగుతో వెళ్లేవాళ్లకు విమానం సుఖం. నలుగురైదుగురు పెద్ద పెట్టెలతో వెళ్తుంటే కారే మేలు. కర్నూలు వైపు నుంచి వస్తే హైదరాబాద్ సిటీలోకి పోకుండానే, ముందే శంషాబాద్ తగులుతుంది. విమానం అన్ని రోజులూ ఉండకపోవచ్చు, టైమింగులూ మారుతుంటాయి. సెలవు, వీసా తేదీలు ఖాయం చేసుకునే ముందే ఆ వారం సర్వీసు ఉందో లేదో చూసుకోండి.