ధాత కరవును అర్థశాస్త్రమును

అర్థశాస్త్రము నిజముగా శాస్త్రమేనా యని మన విద్యాధికులు తరచుగా ప్రశ్నించుచుందురు. అది ప్రయోగశాలలో నిలువదనియు, ఒక పండితుడు స్థాపించినదానిని మరియొకడు మరునాడే ఖండించుననియు పరిహాసము కలదు. పరిహాసమును విడిచి, ఈ ప్రశ్న మన సీమలోనే ఒకమారు లక్షలాది ప్రాణములపై పరీక్షింపబడిన వృత్తాంతమును చూచుట మేలు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన ఆ మహాక్షామమును, సంవత్సరము పేరునుబట్టి, మన పెద్దలు ధాత కరవనిరి.

చిక్కు మాటతోనే మొదలగుచున్నది. ఇంగ్లీషువారి 'సైన్సు' శబ్దము ఎరుగుట యను అర్థముగల లాటిను ధాతువునుండి వచ్చినది. మన 'శాస్త్ర' శబ్దము 'శాస్' ధాతువునుండి పుట్టినది, శాసించునది శాస్త్రము. ఒకటి తెలిసికొనును, రెండవది ఆజ్ఞాపించును. కౌటిల్యుని అర్థశాస్త్రము ఈ రెండవ జాతిది. దుర్భిక్షమున రాజు ప్రజలకు విత్తనములను, ఆహారమును ఇచ్చి, కోటలు, కట్టలు మొదలగు పనులు కల్పింపవలెనని అందు విధింపబడినదే కాని, అట్లు చేసిన ఎందరు బ్రతికిరో లెక్క లేదు. చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో 1880లో జన్మించి, కేంబ్రిడ్జిలో చదివి, పిమ్మట ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు తొలి వైస్ ఛాన్సలరైన కట్టమంచి రామలింగారెడ్డిగారు పాశ్చాత్యుల నూతనవిద్యను తెలుగున గ్రంథముగా వ్రాసినపుడును ఈ పాతపేరే నిలిచినది. పేరొకటే యగుటచే ఎరుకయు ఆజ్ఞయు కలిసిపోవుట సులభము. అయితే ఈ దోషము తెలుగు మాటకు మాత్రమే పట్టినది కాదు.

1876లో నైరృతి ఋతుపవనము కొరవడెను; ఈశాన్య ఋతుపవనమును విఫలమయ్యెను. బళ్లారి, కర్నూలు, కడప మండలములును, నాడు చిత్తూరు ముఖ్యస్థానముగానుండిన ఉత్తర ఆర్కాడు మండలమును దెబ్బతినెను. (చిత్తూరు మండలము వేరుగా ఏర్పడినది 1911లో.) మన సీమలో చెరువెండిన తరువాత కూలివానికి పని లేదు, పని లేనివానికి రూక లేదు. మదరాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు ఆర్బత్‌నాట్ కంపెనీ ద్వారా రహస్యముగా 30,000 టన్నుల ధాన్యమును కొనిపించెను. రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు ప్రభుత్వము దీనిని తప్పుపట్టెను. దొరతనమే సంతలో దిగినచో వర్తకులు వెనుదీయుదురు. ధర పెరిగినచోటికి ధాన్యము దానంతట అదియే పోవును. కావున జోక్యము కూడదు. ఇది వారి సూత్రము. 1776లో వెలువడిన ఆడం స్మిత్ గ్రంథములోని ధాన్యవర్తక విచారము దీనికి ఆధారము.

ఈ సూత్రము అబద్ధమా? కాదు. తిరుపతికి చేరువనున్న రేణిగుంట మీదుగా కడప దాటి రాయచూరునకు పోవు ఇనుపదారి 1871 నాటికే పూర్తియైనది. ధర పెరుగగానే వర్తకులు రైళ్లలో ధాన్యమును లోనాడులకు తెచ్చిరి. సూత్రము చెప్పినంతవరకు జరిగినది. కాని ధర పిలుచునది ధాన్యమును మాత్రమే. ఆ ధాన్యము చేరునది రూక యున్న చేతికి. నీరు పల్లమెరుగునని సామెత. ఆ పల్లము ఎవరి పొలములోనిదో నీరెరుగదు.

అంతకు ముందే ఈ సూత్రమునకు రెండు పరీక్షలు జరిగియుండెను. 1866లో ఒరిస్సాలో దొరతనము వర్తకులను నమ్మి ఊరకుండెను. ఇంతలో వానకాలము వచ్చి దారులు మూసికొనిపోయెను. సుమారు పదిలక్షలమంది చనిపోయిరి. 1873-74లో బీహారున సర్ రిచర్డ్ టెంపుల్ బర్మానుండి సుమారు నాలుగున్నర లక్షల టన్నుల బియ్యము తెప్పించెను. చావులు మిక్కిలి స్వల్పము. అయితే వ్యయము అధికమైనదని ఆయనను నిందించిరి. ప్రకృతిశాస్త్రజ్ఞుడైనచో ఈ రెండు ఫలితములను ప్రక్కప్రక్కన పెట్టి సూత్రమును దిద్దుకొనును. ఇక్కడ దిద్దబడినది సూత్రము కాదు, మనుష్యుడు. 1877 జనవరిలో ఆ టెంపుల్‌నే క్షామప్రతినిధిగా మదరాసునకు పంపిరి. ఆయన ఈమారు పొదుపు నేర్చుకొని వచ్చెను.

సహాయపుపనులలో రాళ్లు కొట్టు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యపు వెలయు, దానిపై ఒక అణాయు చాలునని ఆయన నిర్ణయించెను. పౌను అనగా మన తూకమున సుమారు 39 తులములు. ఆ గింజలతో ఎన్ని ముద్దల సంగటి యగునో ఈ పత్రికను చదువు గృహిణులకు నేను చెప్పనక్కరలేదు. మదరాసు ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టరు కార్నిష్ దీనిని ఎదిరించెను. ఆయన వాదము దయతో మొదలుకాలేదు, తూకముతో మొదలైనది. ఈ రాజధాని జనుల ఆహారమును గూర్చి ఆయన అంతకు పూర్వమే వివరములు సేకరించియుండెను. చెరసాలలలో ఖైదీలకిచ్చు బత్తెమును, పనిచేయు దేహమునకు కావలసినదానిని పోల్చి, గింజలతోపాటు పప్పును కావలెననియు, ఒక పౌనుతో పనిచేయువాడు క్రమముగా క్షీణించి చచ్చుననియు వాదించెను. కొన్ని నెలలకే మదరాసు ప్రభుత్వము ఒకటిన్నర పౌను కొలతకు మరలినది. ఆ నెలలలో పోయినవారు పోయిరి.

ఆనాటి వాదులలో శాస్త్రజ్ఞుడన్న పేరునకు తగినవాడు ఈ వైద్యుడే యని నా తలపు. అర్థశాస్త్రము పేరు చెప్పినవారు స్మృతివాక్యమును వల్లించినట్లు సూత్రమును వల్లించిరి. ఇది వైద్యశాస్త్రమే కాని అర్థశాస్త్రము కాదని ఎవరైన అనవచ్చును. కూలి యెంత, దానితో ఏ ఊరి సంతలో ఎన్ని గింజలు వచ్చును, ఆ గింజలతో మరునాడు పనికి లేవగలడా యనునవి అర్థశాస్త్రము కానిచో, ఆ శాస్త్రమునకు మిగులునది పుస్తకములే. అయితే త్రాసు అన్నిటిని తేల్చదు. ప్రాణములు నిలుపుటకు బొక్కసమునుండి ఎంత వెచ్చింపవలెనన్నది కొలతకు లొంగు ప్రశ్న కాదు. దానికి జవాబు చెప్పుచు, అది శాస్త్రము చెప్పినదనుటయే టెంపుల్, లిట్టన్‌ల అపరాధము.

బ్రిటిషు ఇండియాలో ఈ కరవున చనిపోయినవారు సుమారు 55 లక్షలని అంచనా. 1871 నాటి లెక్కకంటె 1881 లెక్కలో మదరాసు రాజధాని జనసంఖ్య పెరుగుటకు మారు తగ్గినది.

వర్తకసూత్రములో కొరవడినదేమో చక్కగా చెప్పుటకు మరియొక శతాబ్దము పట్టెను. 1943 నాటి బెంగాలు కరవు మొదలగువానిని పరిశీలించి అమర్త్య సేన్ 1981లో ప్రకటించిన గ్రంథమున, ఆహారము లేకపోవుటకంటె దానిని పొందగల అర్హత జనులకు నశించుటయే పెక్కు కరవులకు మూలమని వాదించెను. మన సీమ నేతగాడు దీనికి చాలిన సాక్షి. ధాన్యము ప్రియమైనపుడు ప్రతి యింటివారును మొదట మానునది క్రొత్తబట్ట. ఆతని యింట మగ్గమున్నది, చేత నేర్పున్నది, కొనువాడు లేడు. అంగడిలో ధాన్యముండగనే ఆతడు పస్తుండును.

1878లో నియమింపబడిన క్షామవిచారణసంఘము 1880లో నివేదిక నిచ్చెను; దాని ననుసరించి క్షామనియమావళులు ఏర్పడెను. వానిలో కలెక్టర్లు కనిపెట్టవలసిన తొలిగుర్తులు చెప్పబడినవి: ధాన్యపు వెలలు పెరుగుట, ధాన్యవర్తకులలో అసాధారణమైన సందడి, అప్పు పుట్టకపోవుట, దొంగతనములు హెచ్చుట, జనులు ఊళ్లు విడిచి తిరుగాడుట. అప్పు పుట్టకపోవుటను ఈ పట్టికలో చేర్చినవారెవరో కాని, వారు మన పల్లెల నెరిగినవారు.